పోస్టర్లో అమ్మ ఏదిరా?

మన కాలేజీ కుర్రాళ్ళు తీసే షార్ట్ ఫిల్ముల పోస్టర్లు ఓ పాతిక తీసుకుని వరసగా పెట్టండి. పేర్లు చేత్తో మూసేసి ఏది ఏ సినిమాదో చెప్పమనండి. చూసేవాళ్ళ సంగతి దేవుడెరుగు, తీసినవాళ్ళు కూడా చెప్పలేరు. అన్నిటిలోనూ ఒక గడ్డం కుర్రాడు, సగం మొహం చీకట్లో. వెనకాల పొగ. ఆ పొగలో నిప్పురవ్వలు. ఓ పక్క నారింజ రంగు, ఇంకో పక్క నీలం. కింద చదవడానికి వీల్లేని సన్నటి అక్షరాల్లో నాలుగు లైన్లు. పైన ఇంగ్లీషులో పేరు. లోపల సినిమా ఏదైనా కావచ్చు.. సప్లిమెంటరీ పరీక్షలైనా, అమ్మమ్మ చావైనా, హాస్టల్లో పోయిన చెప్పులైనా సరే, పొగ మాత్రం ఖాయం!

ఇది తెలివి లేక జరుగుతోంది అనుకోను. ఆ వయసులో ఫోన్ కెమెరాతో పదిహేను నిమిషాల కథ చెప్పగలిగిన వాళ్ళకి తెలివి లేకపోవడమేమిటి? నేననేది వేరే. వీళ్ళ పోస్టర్లకి డ్రాఫ్టు అనే దశే లేదు. మొదటి రాత్రే ఫైనలు. ఆ ఫైనలుకే రంగు మార్చి ఐదు కాపీలు తీసి, వాటికి డ్రాఫ్టులని పేరు పెడతారు. డ్రాఫ్టు లేని చోట ఆలోచన ఉండదు. ఆలోచన లేని చోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. ఆ అలవాటు పేరే పొగ.

దీనికీ మనకీ ఏం సంబంధం అంటారా? ఉంది మహాప్రభో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఓ ఫోను వస్తుంది. "అన్నా, నీకు ఫోటోషాప్ వచ్చు కదా, మా సినిమాకి ఓ పోస్టర్ కొట్టి పెట్టవా". మనకి జావా వస్తే ప్రింటరు బాగుచేయడం కూడా వచ్చేస్తుందని నమ్మే కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళమే కదా అందరం! కాబట్టి ఈ నేరంలో మనం సాక్షులం కాదు, సహ నిందితులం.

నాకు ఆ ఫోను మా బాబాయి కొడుకు నుంచి వచ్చింది. బీటెక్ మూడో సంవత్సరం. వాడూ, వాడి స్నేహితులు ఆరుగురూ కలిసి పదహారు నిమిషాల సినిమా తీశారు. పేరు చెప్పను, ఇంకా బయటపెట్టలేదు. కథ ఇది. హాస్టల్ మెస్సులో వంట చేసే ఒకావిడ కొడుక్కి అదే కాలేజీలో సీటొస్తుంది. వాడు స్నేహితుల ముందు ఆవిడెవరో తెలియనట్టు ఉంటాడు. రోజూ కంచం పట్టుకుని లైన్లో నిలబడతాడు. ఆవిడ గరిటెతో సాంబారు పోస్తుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. ఆవిడ మాత్రం రోజూ ఓ గరిటె ఎక్కువ పోస్తుంది. అంతే కథ. నటీమణులెవరూ దొరక్క, వాళ్ళ మెస్సులో నిజంగా వంట చేసే ఆవిడనే అడిగారట. పొద్దున్న టిఫిన్లు అయ్యాక, మధ్యాహ్నం ఎసరు పెట్టే లోపల దొరికే రెండు గంటల్లో నాలుగు రోజులు నటించింది. డబ్బు తీసుకోలేదు. సినిమా చూశాక చాలాసేపు నాకు మాట రాలేదు. ఆవిడ ఏమీ చెయ్యదు, గరిటె తిప్పుతుందంతే. సినిమా మొత్తం ఆ చేతిలోనే ఉంది.

ఆ తర్వాత వాళ్ళు అప్పటికే చేసుకున్న పోస్టరు పంపించారు, "ఇలాంటిదే కొంచెం నీట్‌గా కావాలన్నా" అంటూ. గడ్డం కుర్రాడు. పొగ. నిప్పురవ్వలు (మెస్సు కదా, పొయ్యి ఉంటుందిగా అన్న సమర్థింపు కూడా ఉంది). ఇంగ్లీషు పేరు, రాతి మీద చెక్కినట్టుండే ట్రాజన్ ఫాంటులో. 1989లో అడోబీ వాళ్ళు దాన్ని విడుదల చేసిన దగ్గర్నుంచీ హాలీవుడ్డులో ఏ గంభీరమైన పోస్టరు చూసినా ఆ అక్షరాలే. రోము నగరంలో ట్రాజన్ స్తంభం కింద ఉన్న అక్షరాలకీ, మన మెస్సు సాంబారుకీ సంబంధం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. కింద ఒక ట్యాగ్‌లైను: "సమ్ సీక్రెట్స్ ఆర్ సర్వ్‌డ్ హాట్".

నేనడిగింది ఒక్కటే.

"పోస్టర్లో అమ్మ ఏదిరా?"

"ఆవిడ మొహం పెడితే ఎవడు నొక్కుతాడన్నా?"

ఇదండీ సంగతి. సినిమాలో కొడుకు ఏ పని చేశాడని వీళ్ళు పదహారు నిమిషాలు బాధపడ్డారో, సరిగ్గా అదే పని పోస్టర్లో వీళ్ళు చేశారు. నలుగురి ముందూ ఆవిడ మాకు తెలియదు అన్నారు. ఈ ముక్క చెప్తే ఫోనులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకడు "అది కాదన్నా, పోస్టర్ అంటే మార్కెటింగ్ కదా" అన్నాడు. ఇదిగో, నా గొడవంతా ఈ వాక్యంతోనే.

ముందు డ్రాఫ్టు గురించి చెప్పనివ్వండి, మన వృత్తికి దగ్గర విషయం. జోయెల్ స్పోల్‌స్కీ 2002లో మంచుకొండ రహస్యమని ఒక వ్యాసం రాశాడు. చాలామంది చదివే ఉంటారు. సారాంశమేంటంటే, ప్రోగ్రామరు కానివాడికి తెర మీద కనబడేదే మొత్తం పని. తెర పూర్తయినట్టు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ పూర్తయిపోయిందనుకుంటాడు. మనందరికీ అనుభవమే. డెమోలో క్లయింటుకి నున్నగా తయారుచేసిన తెర చూపించండి, గంటసేపు బటను రంగు మీద చర్చ పెడతాడు. అదే కాగితం మీద పెన్సిలుతో గీసి చూపించండి, "అసలీ పేజీ ఎందుకు?" అని అడుగుతాడు. రెండోదే పనికొచ్చే ప్రశ్న.

పోస్టరు డ్రాఫ్టు కూడా అంతే. డ్రాఫ్టు అంటే అరచేతిలో పట్టేంత గడి. అందులో పెన్సిలు గీతలు, నల్లటి మచ్చలు. రంగు లేదు, ఫాంటు లేదు, ఫోటో లేదు. ఒక్కో గడికి రెండు నిమిషాలు. అలాంటివి పది గీస్తే ఆరు చెత్త అని మీకే తెలుస్తుంది. మిగిలిన నాలుగూ నాలుగు వేరే మాటలు చెప్పాలి. ఒకే మాట నాలుగు రంగుల్లో చెప్తే అది ఒక్క డ్రాఫ్టే. "ఈ సినిమా దేని గురించి?" అనే ప్రశ్నకి బొమ్మలో జవాబు చెప్పే ప్రయత్నం డ్రాఫ్టంటే. జవాబు తెలియకపోతే బొమ్మ రాదు. అప్పుడు ఫోటోషాప్ తెరిచి పొగ బ్రష్షు కోసం వెతుకుతాం.

నేను వాళ్ళకి నాలుగు పంపాను, పెన్సిలువే, ఫోనుతో ఫోటో తీసి.

ఒకటి, పైనుంచి చూసిన మెస్సు స్టీలు కంచం, గళ్ళది. అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి, ఒక గడి ఖాళీ. పేరు ఆ ఖాళీ గడిలో.

రెండు, గుండిగ మీద ఆవిరి, ఆ ఆవిరి వెనకాల ఆవిడ మొహం. మొత్తం మొహం, సూటిగా మనవైపు చూస్తూ. సినిమాలో ఆవిడ ఎవరివైపూ సూటిగా చూడదు, కనీసం పోస్టర్లోనైనా చూడనీ అని.

మూడు, కౌంటరు గట్టు. ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి. మధ్యలో గరిటె. మొహాలు గడి అంచు దగ్గర తెగిపోయి ఉంటాయి.

నాలుగు, పక్కపక్కన రెండు కార్డులు. ఒకటి కొడుకు స్టూడెంటు ఐడీ, రెండోది తల్లి గేటు పాసు. రెండిటిమీదా ఇంటిపేరు ఒకటే.

జవాబేమొచ్చిందో తెలుసా? "బాగున్నాయన్నా. కానీ.. పోస్టర్లా లేవు."

ఈ జబ్బు మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. పోస్టరంటే ఎలా ఉండాలో వీళ్ళకి ముందే తెలుసు. సినిమా ఏమిటన్నది తర్వాతి సంగతి.

సరే, వాళ్ళ వాదనల్ని ఒక్కొక్కటే చూద్దాం. గాలికి కొట్టిపారేస్తే న్యాయం కాదు.

మొదటి వాదన, ఎవడు నొక్కుతాడు అన్నది. నాయనా, నొక్కేది పోస్టరు కాదు, థంబ్‌నెయిలు. అది 1280×720, అడ్డంగా ఉంటుంది, ఫోనులో బొటనవేలంత కనిపిస్తుంది. పోస్టరు నిలువుది. అమెరికా హాళ్ళలో పెట్టేది 27×40 అంగుళాలు, మీ కాలేజీ నోటీసుబోర్డుకైతే ఏ3 చాలు (300 డీపీఐ లెక్కన 3508×4961 పిక్సెళ్ళు). ఈ రెండు పనులూ వేరు. రెండిటికీ ఒకే బొమ్మ సాగదీసి వాడితే రెండూ చెడతాయి. అయినా మీ సినిమా మొదటి వారం చూసేదెవరు? మీ క్లాసువాళ్ళు, మీ చుట్టాలు, మీ చుట్టాల మొహమాటం ఉన్నవాళ్ళు. వాళ్ళు పోస్టరు చూసి రారు, మీ మొహం చూసి వస్తారు. ఆ తర్వాత ఎక్కడో ఓ తెలియనివాడు నిప్పురవ్వలు చూసి థ్రిల్లరనుకుని నొక్కుతాడు. రెండో నిమిషంలో సాంబారు కనిపిస్తుంది. తిట్టుకుంటూ పోతాడు. యూట్యూబ్ వాళ్ళు 2012లోనే నొక్కుల లెక్క నుంచి చూసినసేపు లెక్కకి మారారు. అబద్ధం చెప్పి రప్పించినవాడు మధ్యలో లేచిపోతే నష్టం మీకే. పైగా, సాంబారు కథే కావాలనుకుని తిరిగే మనిషి ఒకడుంటాడు చూశారూ.. వాడు మీ పొగ చూసి "ఓహో, ఇదీ అదే" అని పక్కకి పోయాడు. మీకు కావలసినవాడే పోయాడు!

రెండో వాదన, పోస్టరంటే మార్కెటింగ్ కాబట్టి నిజం చెప్పక్కర్లేదు అన్నది. సత్యజిత్ రాయ్ సినిమాల్లోకి రాకముందు డి.జె. కీమర్ అనే వ్యాపార ప్రకటనల కంపెనీలో పనిచేశాడు. అంటే మార్కెటింగ్ ఆయన వృత్తి. అలాంటి మనిషి తన సినిమాల పోస్టర్లు చాలామటుకు తనే గీసుకున్నాడు, బెంగాలీ అక్షరాన్నే బొమ్మలో భాగంగా మలుచుకున్నాడు, ఆఖరికి రే రోమన్ అని ఇంగ్లీషు అక్షరాలు కూడా తయారుచేశాడు. అమ్మడం తెలిసినవాడు కాబట్టే, సరుకేమిటో దాచకుండా అమ్మాడు. అంత దూరం ఎందుకు, మనకి ఈశ్వర్ గారు లేరూ? పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, బాపు గారి సాక్షి (1967)తో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలు తెలుగు సినిమాలకి పోస్టర్లు వేశారు. 2021లో పోయారు. సినిమా పోస్టర్ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన తరంలో పోస్టరంటే బ్రష్షు, రంగు, చేత్తో రాసిన టైటిలు. తప్పు గీస్తే కంట్రోల్ జెడ్ లేదు. అందుకే ముందు ఆలోచించేవాళ్ళు. మనకి కంట్రోల్ జెడ్ ఉంది కాబట్టి ఆలోచన తర్వాత చేద్దామనుకుంటున్నాం. ఆ తర్వాత అనేది రావట్లేదు.

మూడోది, తెలుగులో పేరు పెడితే లుక్కు రాదట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. సినిమా తెలుగు, తీసినవాళ్ళు తెలుగు, మెస్సులో ఆవిడకి వచ్చిన ఒకే ఒక్క లిపి తెలుగు. తను నటించిన సినిమా పేరు తను చదువుకోలేకపోతే ఇంకెవరికోసం రాశారు బాబూ ఆ పేరు?

అయితే ఈ విషయంలో పాపం కుర్రాళ్ళది మాత్రమే కాదు, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళది కూడా. చాలా ఏళ్ళపాటు ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు ఊడిపోయి పక్కన కూర్చునేవి. స్త్రీ అనే ఒక్క అక్షరం వెనకాల ఆరు కోడ్ పాయింట్లు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరిటినీ కలిపి ఒకే ఆకారంగా పేర్చే పని షేపింగ్ ఇంజన్‌ది. అది లేకపోతే అక్షరాలు వరసగా నిలబడతాయి, రేషను క్యూలో లాగ. అందుకే మన డిజైనర్లు అను ఫాంట్లు పట్టుకుని వేలాడారు. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఏర్పాటు. ఆ చిరాకులో "తెలుగు వద్దులే, ఇంగ్లీషు కొట్టేద్దాం" అనడం మొదలైంది. కారణం పోయింది, అలవాటు మిగిలింది.

ఇప్పుడా సాకు చెల్లదు. ఫోటోషాప్‌లో దక్షిణాసియా లిపులకి సరైన టెక్స్ట్ ఇంజను వచ్చి చాలా కాలమైంది. ఇంకా వత్తులు విడిపోతుంటే టైప్ ప్రెఫరెన్సుల్లోకి వెళ్ళి చూడండి. అదీ కుదరకపోతే ఇంక్‌స్కేప్‌లో గానీ గింప్‌లో గానీ టైపు చెయ్యండి, రెండూ ఉచితం, రెండిటిలోనూ హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి వత్తు వత్తులాగే వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలని పాత్‌లుగా మార్చేసి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఇక ఫాంట్లంటారా, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ, ధూర్జటి, తిమ్మన, పెద్దన.. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. ఇంకా నచ్చకపోతే తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో మీరే రాయండి. బాపు గారి చేతిరాతే ఫాంటైంది గానీ, ఫాంటు చూసి ఆయన రాయలేదు.

ఒక్క జాగ్రత్త మటుకు చెప్తాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఇటుకల్లాగ పేర్చొచ్చు. తెలుగు అలా కుదరదు. పైన గుడులు, కింద వత్తులు. అందుకే ఇంగ్లీషు పేరు కోసం వేసిన బొమ్మలో చివర తెలుగు దూరిస్తే ఇరుగ్గానే ఉంటుంది. అప్పుడు "చూశావా, తెలుగు బాగోలేదు" అంటారు. అది తెలుగు తప్పు కాదు, డ్రాఫ్టులో తెలుగుకి చోటు పెట్టకపోవడం తప్పు. పెన్సిలు గడి దగ్గరే పేరు తెలుగులో రాయండి, ఆ వత్తు ఎక్కడికి దిగుతుందో చూసుకుని బొమ్మ గీయండి. వీళ్ళ సినిమా పేరు మూడక్షరాల తెలుగు మాట. రెండో అక్షరం కింద వత్తుంది. ఆ వత్తుని గరిటె కాడలాగ కిందికి లాగొచ్చు! ఇంగ్లీషులో రాస్తే ఆ అవకాశమే లేదు.

నాలుగో వాదన, ఇది కాపీ కాదు, ఇన్స్‌పిరేషన్ అన్నది. సాల్ బాస్ అనే మహానుభావుడు 1959లో అనాటమీ ఆఫ్ ఎ మర్డర్ సినిమాకి ముక్కలు చేసిన మనిషి ఆకారంతో పోస్టరు వేశాడు. 1995లో స్పైక్ లీ సినిమా క్లాకర్స్ పోస్టరు అచ్చం అలాగే రావడంతో పెద్ద గొడవైంది. అంత పెద్ద దర్శకుడికే తప్పలేదు. మీరు కొరియా సినిమా పోస్టరు తీసుకుని మొహం మార్చి పెడితే, చూసినవాడికి ఆ కొరియా సినిమా గుర్తొస్తుంది. మీ సినిమా కాదు. ఇంకో మాట. గూగుల్లో దొరికింది కదా అని వంటగది ఫోటో లేపేస్తే అది మీది అయిపోదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు అది తీసినవాడు పోయాక కూడా అరవై ఏళ్ళదాకా ఉంటుంది. మీరు నాలుగు రోజులు షూటింగు చేసింది నిజమైన మెస్సులోనేగా? అక్కడ ఒక్క ఫోటో తీసుకోలేదా? తీసుకోలేదట. కెమెరా చేతిలో ఉండగా పోస్టరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంక ఈ మధ్య కొత్త వాదన ఒకటొచ్చింది. "ఏఐతో కొట్టేద్దామన్నా, ఐదు నిమిషాలు". కొట్టండి, నాకు యంత్రాలంటే పడదని ఎవరన్నారు? నా జీతమే వాటి మీద వస్తోంది. కానీ దానికి తల్లి, వంట, బాధ అని చెప్తే అది ఇచ్చే తల్లి ఎవరు? ఎక్కడా లేని ఒకావిడ. నున్నటి చర్మం, సినిమా వెలుతురు, చేతిమీద ఒక్క కాలిన మచ్చ లేదు. మీ సినిమాలో నటించిన ఆవిడ మోచేతి మీద నూనె చిందిన మచ్చలున్నాయి, మూడో నిమిషంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఉన్న మనిషిని పక్కనపెట్టి లేని మనిషిని గీయించుకోవడం ఐదు నిమిషాల్లో అయినా, ఐదు రోజుల్లో అయినా ఒకటే పని.

ఇక కింది నాలుగు లైన్ల సంగతి. హాలీవుడ్డు పోస్టర్ల కింద అక్షరాలు అంత సన్నగా, పొడుగ్గా ఎందుకుంటాయో తెలుసా? ఫలానావాళ్ళ పేరు టైటిల్లో ఇంత శాతం ఎత్తు ఉండాలని ఒప్పందాల్లో రాసుకుంటారు. ఎత్తు తగ్గించకూడదు కాబట్టి వెడల్పు నొక్కేస్తారు. మరి మీరే ఒప్పందం మీద సంతకం పెట్టారని ఆ నలిగిన అక్షరాలు? అందులో దర్శకుడి పేరు మూడుసార్లుంది (కథ, మాటలు, దర్శకత్వం). మెస్సులో ఆవిడ పేరు ఒక్కసారి కూడా లేదు. అడిగితే "చివర్లో థాంక్స్‌లో వేశాంలే అన్నా" అన్నారు. గ్యాస్ సిలిండరు అరువిచ్చినవాడి పక్కన! పైన రెండు పక్కలా ఆకుల దండలు కూడా తగిలించారు, ఏదో ఆన్‌లైన్ ఫెస్టివల్ వాళ్ళకి ఎంట్రీ ఫీజు కట్టినందుకు వచ్చినవి. నెలనెలా జరిగే ఆ పండగలకి తెర ఉండదు, కుర్చీలుండవు, ప్రేక్షకులుండరు. ఫీజు మాత్రం ఉంటుంది. ఆ ఆకులకి పెట్టిన చోటులో ఆవిడ పేరు సుబ్బరంగా పట్టేది.

ఇంత చెప్పాక కూడా "స్టూడెంట్స్ కదా, పోనిద్దురూ" అనేవాళ్ళున్నారు. స్టూడెంట్స్ కాబట్టే పోనివ్వకూడదంటాను. పెద్ద సినిమావాడికి కోట్ల అప్పుంటుంది, ఓపెనింగ్స్ భయం ఉంటుంది, హీరో గారి అభిమానులుంటారు. వాడు మొహం పెద్దది చేసి పొగ పెట్టాడంటే వాడి కారణాలు వాడికున్నాయి. వీళ్ళకేముంది పోయేది? జీవితంలో ఎవడికీ జవాబు చెప్పకుండా నిజమైన పోస్టరు వేయగలిగే వయసు ఇదొక్కటే. ఆ వయసులోనే, ఎవరూ అడక్కుండానే, భయం నేర్చుకుంటున్నారు. సుజీత్, తరుణ్ భాస్కర్ లాంటివాళ్ళు షార్ట్ ఫిల్ముల నుంచే వచ్చి 2014లో, 2016లో పెద్ద సినిమాలు తీశారు. కాబట్టి ఈ ఏడుగురిలో ఒకడు రేపు నిజంగానే దర్శకుడు కావచ్చు. ఆవిడ మొహం పెడితే ఎవడు నొక్కుతాడు అనే మాట అప్పుడు కూడా వాడితోనే వస్తుంది. అప్పుడది పోస్టరు దగ్గర ఆగదు, కథ దగ్గరకే పోతుంది. వంటావిడ కథ ఎవడు చూస్తాడు అని మొదలవుతుంది. అదీ నా భయం.

ఇంతకీ ఏమైందంటారా? ఓటింగు పెట్టుకున్నారు. నాలుగు మూడుతో రెండో డ్రాఫ్టు గెలిచింది, కాలేజీ గోడకి మాత్రమే. యూట్యూబ్‌కి గడ్డం కుర్రాడే. నిప్పురవ్వలు మటుకు తీసేశారు. పూర్తి విజయమని చెప్పను. ఫోటో కోసం మళ్ళీ మెస్సుకి వెళ్ళారు. ఆవిడ చీర మార్చుకుని వస్తానందట, వద్దమ్మా ఇలాగే ఉండు అన్నారట. పేరు అడిగి, ఇంటిపేరుతో సహా కాగితం మీద ఆవిడ చేతే రాయించుకున్నారు. పోస్టర్లో పేరు ఆవిడ చేతిరాతలోనే వేశాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా.. రేపు మీ పిన్ని కొడుకో, పక్కింటి అమ్మాయో పోస్టర్ కొట్టి పెట్టమని ఫోను చేస్తే కాదనకండి. కానీ నాలుగు షరతులు పెట్టండి. సినిమా చూపించకుండా గీయనని చెప్పండి. పెన్సిలు గడులు నాలుగు చూసి, ఒకటి ఎంచుకునేదాకా కంప్యూటరు తెరవనని చెప్పండి. పేరు తెలుగు లిపిలో ఉంటేనే చేస్తానని చెప్పండి, వత్తుల బాధ మీది, అది తీర్చడమే మన చదువుకి సార్థకత. నాలుగోది, పోస్టర్లో వేయాల్సిన పేర్ల జాబితా వాళ్ళు పంపగానే, ఇందులో ఎవరి పేరు లేదో చెప్పమని అడగండి. దర్శకుడి పేరు ఎవడూ మర్చిపోడు. మర్చిపోయే పేరు ఎవరిదో, నూటికి తొంభై పాళ్ళు సినిమా వాళ్ళదే.